రాయదుర్గం జినుడు, బుక్కరాయల తీర్పు

గుమ్మఘట్టకు పొరుగునున్న రాయదుర్గంలో, కొండకోట నీడన పెరిగిన పాతపట్టణంలో దశభుజ గణపతి ఆరాధన నేటికీ సాగుతుండగా, 1355లో, విజయనగర రాజు మొదటి హరిహరరాయల కాలంలో, భోగరాజు అనే జినభక్తుడు అక్కడే శాంతినాథ తీర్థంకరుని ప్రతిష్ఠించినట్లు శాసనం తెలుపుతుంది.

పలు మతాలు ఒకేచోట నిలవడం సమత్వమా, సర్దుబాటా అన్న ప్రశ్నకు జైనక్షేత్రమైన శ్రవణబెళగొళలోని 1368 నాటి శాసనం ఒక సమాధానమిస్తుంది: జైన, వైష్ణవుల వివాదంలో జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ, అంటే రెండు మతమార్గాలకూ, భేదం లేదని ప్రకటించిన విజయనగర రాజు బుక్కరాయలు, అక్కడి దేవునికి 20 మంది కాపలాదారులను ఏర్పాటు చేసి, అందుకు జైనుల ఇంటింటా ఏటా ఒక హణం, అనగా చిన్న బంగారు నాణెం, వసూలు చేసే పని వైష్ణవుడైన తిరుమల తాతయ్యకు అప్పగించాడు. రక్షణ పొందేవారే దాని వెల చెల్లిస్తే అది సమత్వమెలా అవుతుందన్న ఆక్షేపణ (ఇది తోసిపుచ్చదగినది కాదు) నిలుస్తుంది. అయితే మిగిలిన సొమ్ముతో శిథిల జినాలయాలకు సున్నం వేయించాలన్న షరతు, వైష్ణవుణ్ణి పరమత మందిరపు గోడలకు సైతం బాధ్యుణ్ణి చేసింది.