భయం తెలియని పక్షి

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరానికి దాదాపు 1000 కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ మహాసముద్రంలో గలపాగోస్ దీవులున్నాయి. సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు వెళ్ళగ్రక్కిన లావా గట్టిపడి ఏర్పడిన దీవులివి. ఓడలో వారం రోజులు తిరిగిన యాత్రికులు కొందరు చివరి రోజు ఉదయం నార్త్ సేమూర్ అనే చిన్న దీవిలో దిగుతారు. అక్కడ నీలిపాదాల బూబీ పక్షి కాలిబాట ప్రక్కనే గుడ్లు పొదుగుతుంటుంది. మనిషిని చూచి లేచిపోదు. మరికొన్ని గంటలకు యాత్రికుడు తిరుగు విమానం ఎక్కుతాడు.

ఆ పక్షి ఎందుకు పారిపోలేదు?

1535లో పనామా పీఠాధిపతులు తోమాస్ దె బెర్లాంగా పెరూ వెళుతుండగా గాలి పడిపోయి, వారి ఓడ ప్రవాహంలో కొట్టుకొని వచ్చి ఈ దీవులను చేరింది. త్రాగునీటికి అల్లాడుతూనే వారక్కడ దివ్యబలిపూజ అర్పించారు. తరువాత స్పెయిను చక్రవర్తికి వ్రాసిన లేఖలో, ఇచటి పక్షులు పారిపోవడం కూడా తెలియని వెర్రివని, చాలావాటిని చేతితోనే పట్టుకొన్నారని తెలిపారు.

ప్రియ పాఠకులారా, అది వెర్రితనమా? నేలపై వేటాడే మృగాలు లేనిచోట పుట్టిన జీవికి భయం నేర్పినవారు లేరు. తెలియకపోవడం దాని లోపం కాదు. తెలిసిన మనిషికి అది పరీక్ష. తిమింగిలాల వేటగాళ్ళు ఆ పరీక్షలో ఓడిపోయారు. తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి బ్రతికే పెద్ద తాబేళ్ళను మాంసం కోసం ఓడల అడుగున పేర్చుకొని పోయారు. అలా పోయినవి లక్షకు పైగా ఉంటాయని అంచనా. పింటా దీవి తాబేళ్ళలో చివరిదిగా పేరుపడిన ‘ఒంటరి జార్జి’ 2012 జూన్ 24న మరణించింది.

నేడు నియమాలున్నాయి. జంతువుకు 2 మీటర్ల దూరంలో నిలవాలి. రాయి గాని గవ్వ గాని తీసికొనరాదు. వెంట మార్గదర్శి ఉంటాడు. ఇవి అవసరమే. అయితే నియమం చేతిని ఆపుతుంది గాని మనస్సును మార్చలేదు. చూచేవాడు ఉన్నంతవరకే నిలిచే మంచితనం శిక్షాభయమే గాని సుగుణం కాదు. సుగుణం అభ్యాసం వలన అలవడుతుందని అరిస్టాటిల్ బోధించాడు. అభ్యాసానికి వారం చాలదు, ఆరంభానికి చాలు.

“నేను తాకలేదు, తీయలేదు, నా బాధ్యత తీరింది” అని చివరి రోజున యాత్రికుడు అనుకొనవచ్చు. కాని ఇంటివద్ద కూడా మననుండి పారిపోనివారున్నారు: లెక్క చదువరాని కూలి, మందు పేరు తెలియని రోగి, పసిబిడ్డ. వారి నమ్మకానికి వెర్రితనమని పేరు పెట్టిననాడే దోపిడీకి సగం దారి తెరచుకొన్నట్లు. అక్కడ మార్గదర్శి ఉండడు. పక్షి ముందు ఆగిన పాదం వారి ముందు కూడా ఆగుతుందా?