కొత్తిమీర మడీ, ఎదురింటి పిల్లీ

దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్.బి. నగర్‌కీ మధ్య, మెట్రో రైలు చప్పుడు వినపడే ఒక సందులో మా ఇల్లు. ఇంటి ముందు మంచమంత చోటు మిగిలితే మడి చేసి కొత్తిమీర, మెంతికూర, నాలుగు వంగ మొక్కలు వేసుకున్నాను. మంచమంతేగా అనకండి. ఈ వైపు గజం ధర తెలిసినవాళ్ళెవరూ అలా అనరు.

ధనియాలు నలిపి చల్లిన మర్నాడు పొద్దున్నే చూద్దును గదా, మడి నిండా గుంటలు! ఒకచోట మట్టి శ్రద్ధగా కప్పిపెట్టి ఉంది. దానికింద ఏముందో చెప్పక్కర్లేదు. మా సందులో తిరిగే పిల్లులు నాలుగు. ఎవరివీ కావు, అందరివీను. ఎదురింటి వదినగారు పాలు పోస్తారు, వెనకింటివాళ్ళు చేప ముళ్ళు వేస్తారు. భోజనం వాళ్ళ ఇళ్ళల్లో, తతిమ్మా కార్యక్రమం మా మడిలో!

"పాలు పోసేది మీరు, శుభ్రం చేసేది నేనూనా వదినగారూ?" అని అడిగేశాను.

"పాలు పోస్త గని వదినా, ఎటు పోవాల్నో నేన్ జెప్పిన్నా?" అని నవ్వేసిందావిడ.

నాకూ నవ్వొచ్చింది గాని, ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. పెట్టిన చేతికీ, పెట్టాక జరిగేదానికీ సంబంధమే లేదా? పుణ్యం ఆవిడ ఖాతాలోనూ, పార పని నా ఖాతాలోనూ పడితే ఎలా?

మామూలు రోజులైతే సరిపెట్టుకునేదాన్నే. మా అమ్మాయిని ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చాం. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండొచ్చనీ, గర్భిణికి కొత్తగా సోకి కడుపులో బిడ్డకు చేరితే కళ్ళకూ మెదడుకూ చేటు చేయవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ప్రతి పిల్లిలోనూ ఎల్లకాలం ఉండదట. మట్టి ముట్టుకోవద్దు, ఆకుకూరలు బాగా కడగండి, మాంసం పూర్తిగా ఉడికించండి, చాలు అంది. "చాలు" అన్నమాట నాకు వినపడితేగా!

దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కలరా ఉండలు తెచ్చి మడి చుట్టూ పెట్టాను. రెండు రోజులు ప్రశాంతం. మూడో రోజు ఒక పిల్లికూన వచ్చి, బంతి అనుకుంది కాబోలు, ఒక ఉండను పంజాతో దొర్లిస్తూ ఆడుతోంది. మా అమ్మాయి పొట్ట పట్టుకుని పరుగున వెళ్ళి దాన్ని అదిలించింది. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లులకు విషమట. ఫినాయిల్లాంటివీ అంతే. అటువంటివాటిని విరిచి బయటికి పంపే శక్తి వాటి కాలేయానికి బాగా తక్కువట. నేను ఫినాయిల్ కూడా కొని ఉంచాను లెండి.

"దాని తల్లి గోడమీద కూచుని చూస్తోందమ్మా" అంది అమ్మాయి. మరేమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక తెనాలి రామలింగడి పిల్లి గుర్తొచ్చింది. సలసల కాగిన పాలు పెట్టి మూతి కాల్చి, పాలు చూస్తేనే పారిపోయేట్టు చేశాడని చిన్నప్పుడు ఎంత నవ్వుకున్నాం! రాయలవారి తెలివితక్కువ అందులో బయటపడిందో లేదో గాని, మూతి కాలింది మాత్రం పిల్లికి. పైగా అది నేర్చుకున్నదేమిటి? పాలు కాలుతాయని. అంతే. తప్పు చేశానని దానికెలా తెలుస్తుంది? గుల్లగా తవ్విన మన్ను దానికి పిలుపు. తవ్వి, పని చూసుకుని, మళ్ళీ కప్పిపెడుతుంది. మా గోడ మీంచి చెత్త కవర్లు విసిరే మనుషులకు ఆ పాటి మర్యాద కూడా లేదు!

అసలు ఈ చోటు మాత్రం నాదెప్పుడైంది? దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ గారి పొలాలు ప్లాట్లయి దిల్‌సుఖ్‌నగర్ అయిందంటారు. పిల్లికీ మనిషికీ పొత్తు అంతకన్నా చాలా పాతది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి అస్థిపంజరం ఉన్నట్టు 2004లో ప్రకటించారు. మనం ధాన్యం దాచుకున్నాం, ఎలుకలొచ్చాయి, వాటి వెనకే పిల్లులొచ్చాయి. 1976లో రాజ్యాంగంలో చేర్చిన పౌర విధుల్లోనూ జీవకారుణ్యం ఒకటుంది. కొత్తిమీర మడి సంగతి అందులో లేదు.

అలాగని మడిని వాటికి రాసివ్వలేనుగా! వాటిని బాధపెట్టకుండా, నా బిడ్డను కాపాడుకునే దారి వెతకాలి. కొత్తపేటలో కోళ్ళగూళ్ళకు కొట్టే జాలీ కొని మడిమీద పరిచి, అంచులు మట్టిలోకి దింపాను. మొలకలు కన్నాల్లోంచి పైకొస్తాయి, పంజాకు తవ్వడానికి మాత్రం వీలుండదు. సాయంత్రం తడిపి ఉంచుతున్నాను. పొడిమన్నే వాటికిష్టం. ఇక ప్రహరీ మూల పాత టబ్బులో ఇసుక పోసి, వదినగారిని పిలిచాను.

"పాలతో బాటు ఇది కూడా మీదే."

ఆవిడ కాసేపు టబ్బు వంకా, కాసేపు మా అమ్మాయి పొట్ట వంకా చూసింది. "గట్లనే" అని వెళ్ళి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, విరిగిన చిల్లుల గరిటె పట్టుకొచ్చింది.

మూడు పిల్లులు ఇసుకకు అలవాటు పడ్డాయి. నాలుగోది మాత్రం వంగమొక్కల దగ్గర జాలీ చాలని జానెడు చోటు కనిపెట్టేసింది. నిన్న దానిమీద చెంబెడు నీళ్ళు పోశాను. చన్నీళ్ళేలెండి. గోడెక్కి ఒళ్ళు నాక్కుంటూ నావైపు చూసింది. రేపు ఇంకో గజం జాలీ తేవాలి.