దేవుడికి నువ్వు, అయ్యగారికి మీరు

మా అమ్మమ్మ దేవుణ్ణి ‘నువ్వు’ అనేది, పాస్టర్‌ని ‘మీరు’ అనేది.

చిన్నప్పుడు దీన్ని నేను పట్టించుకోలేదు. ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకి ఊరెళ్తే, ఒక తెల్లవారుజామున మంచమ్మీద కూర్చుని ఆమె ప్రార్థన చేసుకోవడం విన్నాను. “ఏందయ్యా, బర్రె ఈనలేక అట్టా అల్లాడతా ఉంటే నువ్వు చూట్టంలా?” అని మొదలుపెట్టింది. బర్రె తర్వాత మావయ్య అప్పు, తర్వాత నా పెళ్ళి, ఆ తర్వాత తన మోకాలు. మధ్యలో దగ్గొచ్చి ఆగింది. మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంది. అదే రోజు సాయంత్రం పాస్టర్‌గారు వస్తే లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, “అయ్యగారూ, మీరు కూర్చోండి” అంది. లోకాన్ని చేసినవాడికి నువ్వు, ఆయన దగ్గర పనిచేసేవాడికి మీరు. రాత్రి ఆ మాట అంటే ఆమెకి అందులో నవ్వాల్సిందేముందో అర్థం కాలేదు.

భక్తి భాషంతా అంతే కదా, వెంకన్ననీ రాముణ్ణీ కూడా నువ్వనే పిలుస్తారు కదా అనొచ్చు. నిజమే. కానీ గుడి గడప దాటనివ్వని మనుషులు ఆ మాట అనడం వేరు. అమ్మమ్మ వాళ్ళ ఊరు గుండ్లకమ్మకి దగ్గర. 1878 జూలై 3న ఆ ఏటి ఒడ్డున, వెలంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకి తీసుకుని వీళ్ళకి కూలి చూపించాడు. తిండికోసం కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. (అయినా ఆ మాట వస్తూనే ఉంది. ఇప్పటికీ.) నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. ఆరోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున, వంతులేసుకుని.

మా వాళ్ళు ఆ లెక్కలో ఉన్నారని అమ్మమ్మ చెప్పేది. నేను నమ్ముతాను, సాక్ష్యం అడగను.

ఆమెకి చదువు రాదు. బైబిల్ ఎవరైనా చదివి వినిపించాలి. యేసు చనిపోయినప్పుడు దేవాలయంలో తెర పైనుంచి కిందికి చిరిగిన చోటు మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. ఆ తెర వెనక ఉన్నది అతి పరిశుద్ధ స్థలం. అక్కడికి ప్రధాన యాజకుడొక్కడే, ఏడాదికి ఒక్కరోజే వెళ్ళాలి. ఆ అడ్డం పోయింది కాబట్టి ఎవరైనా ధైర్యంగా లోపలికి రావచ్చని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. 1520లో లూథర్ జర్మన్ ప్రభువులకి రాసినప్పుడు కూడా ఇదే పట్టుకున్నాడు: బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే, గురువులది వేరే జాతేమీ కాదని. నిజానికి ఇది పూర్తిగా ‘నేరుగా’ కూడా కాదు. పౌలు పేరుతో ఉన్న పత్రికల్లో మధ్యవర్తి ఒకడున్నాడు, యేసు. ఆయన తప్ప ఇంకెవరూ అక్కర్లేదన్నదే లెక్క.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎవరైనా ఆ మాటని నిజంగా నమ్మి, తెర దాటి లోపలికి నడిచెళ్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆన్ హచిన్సన్ గుర్తొస్తుంది.

ఆమె 1634లో భర్తతో, పిల్లలతో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి బోస్టన్‌లో దిగింది. మంత్రసాని పని తెలిసిన మనిషి. తనే పదిహేనుమందిని కన్నది. ఆదివారం విన్న ప్రసంగం గురించి మాట్లాడుకోవడానికి ఆడవాళ్ళని ఇంటికి పిలిచేది. కొన్నాళ్ళకి మగవాళ్ళూ రావడం మొదలైంది. గవర్నర్ జాన్ వింత్రాప్ ఇల్లు సరిగ్గా ఆ ఎదురుగానే. ఊళ్ళో పాస్టర్లలో చాలామంది కృప అంటూనే మనుషుల నడవడిక లెక్కలు చూస్తున్నారని ఆమె అంది. 1637 నవంబరులో, ఇవాళ కేంబ్రిడ్జ్ అంటున్న ఊళ్ళో, ఆమెని విచారించారు. మొదటి రోజు వాళ్ళకి చిక్కలేదు. లేఖనం తీస్తే లేఖనం తీసింది. రెండో రోజు, తన అంతట తనే, దేవుడు తనకి నేరుగా తెలియజేస్తాడని చెప్పేసింది. ఆ వచ్చింది దేవుడి ఆత్మేనని నీకెలా తెలుసు అని ఒకాయన అడిగాడు. కొడుకుని బలివ్వమన్నది దేవుడేనని అబ్రాహాముకెలా తెలిసింది అని ఆమె తిరిగి అడిగింది.

అక్కడితో అయిపోయింది. వలస నుంచి వెళ్ళగొట్టారు. 1638 మార్చిలో సంఘం కూడా వెలివేసింది. 1643లో, ఇప్పుడు న్యూయార్క్‌లో భాగమైన చోట, డచ్చివాళ్ళకీ స్థానిక తెగలకీ నడుస్తున్న యుద్ధంలో పిల్లలతో సహా చంపబడింది. బోస్టన్ మతపెద్దలు కొందరికి అది దేవుడి తీర్పులా కనిపించింది. ఆ వెలి ఉత్తర్వుని మసాచుసెట్స్ గవర్నర్ రద్దు చేసింది 1987లో.

నన్ను నిలవనివ్వనిది ఆ జడ్జీల సంగతి. వాళ్ళు పోప్ మనుషులు కారు. బిషప్పుల పెత్తనం భరించలేక సముద్రం దాటొచ్చిన ప్యూరిటన్లు. దేవుడితో మాట్లాడ్డానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదని పిల్లలకి నేర్పినవాళ్ళు. మాట్లాడొచ్చు. కానీ ఆయన నీకు బదులు చెప్పాడని అనకూడదు. పోవడానికి దారి అందరికీ, తిరిగొచ్చే జవాబు మాత్రం పుస్తకంలోంచి, పుస్తకం చదివి చెప్పే మగవాళ్ళ నోట్లోంచి.

నేను ఆమె పక్షమే. కానీ ఆ అబ్రాహాము మాట దగ్గర నాకు ప్రతిసారీ వణుకొస్తుంది. చేతిలో కత్తి పట్టుకున్న తండ్రి అది. జడ్జీల భయం మొత్తం మగ అహంకారమే అని కొట్టిపారేయలేను. మా చుట్టుపక్కల “ప్రభువు నాకు బయలుపరిచాడు” అనే వాక్యంతో పెళ్ళిళ్ళు కుదిర్చారు, చెడగొట్టారు, స్థలాలు రాయించుకున్నారు. నేరుగా విన్నానన్నవాడు, వినపడని మిగతావాళ్ళందరికీ మధ్యవర్తి అయి కూర్చుంటాడు. తెర చింపినవాడి చేతిలోనే సూదీ దారమూ కనిపిస్తాయి.

ఇదంతా నేను హైదరాబాదులో స్నేహితుల దగ్గర బాగా చెప్పేదాన్ని. మా అమ్మ ప్రతిదానికీ అయ్యగారికి ఫోన్ చేయడం, నూనె సీసా మీద ప్రార్థన చేయించుకుని తెచ్చుకోవడం, వాట్సాప్‌లో ప్రార్థనా మనవులు పెట్టడం చూసి వాదించేదాన్ని. “తెర చిరిగాక మళ్ళీ ఈ గేటు దగ్గర వాచ్‌మేన్ ఎందుకమ్మా?” అనేదాన్ని. రోగి ఉంటే పెద్దల్ని పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించమని యాకోబు పత్రికలో ఉందని అమ్మ గుర్తుచేసేది. ఉంది, కాదనలేను.

మూడేళ్ళ కింద నాన్నకి గుండె ఆపరేషన్. తెల్లారి ఆరింటికి తీసుకెళ్తామన్నారు. రాత్రి వార్డులో నేనొక్కదాన్నే ఉన్నా. రెండు దాటాక నాన్న కళ్ళు తెరిచి, “తల్లీ, ప్రార్థన చెయ్యి” అన్నాడు.

నాకు మాట రాలేదు. దేవుడు లేడన్న నమ్మకం వల్ల కాదు, అలాంటి గట్టి నమ్మకాలేవీ నాకు లేవు. చిన్నప్పటి నుంచి విన్న ప్రార్థనలన్నీ వరసలు వరసలుగా గుర్తున్నాయి. పెదాల దాకా వచ్చాయి కూడా. “ఒక్క నిమిషం నాన్నా” అని కారిడార్‌లోకి వెళ్ళి, నేను ఇన్నేళ్ళూ వెక్కిరించిన అయ్యగారికే ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు పాపం. స్పీకర్ పెట్టి నాన్న చెవి దగ్గర పెట్టాను. అయ్యగారు పది నిమిషాలు ప్రార్థించి, చివర్లో, దేవుడు స్వస్థత ఇచ్చేశాడని నాతో మాట్లాడుతున్నాడు అన్నాడు. నాన్న “ఆమేన్” అన్నాడు. ఆ నిమిషంలో నేనూ అన్నాను, మనస్ఫూర్తిగా.

నాన్న పదకొండో రోజు పోయాడు.

అయ్యగారి మీద నాకు కోపం లేదంటే అబద్ధం. కానీ ఎక్కువసేపు ఆయన మీద నిలవదు. నాన్న అడిగింది నన్ను. అర్ధరాత్రి, ఇద్దరమే ఉన్న చోట, నా గొంతు వినాలనుకున్నాడు. నేను ఫోన్ ఇచ్చాను. ఎందుకిచ్చానో చాలాకాలం ఒప్పుకోలేదు. నేను ప్రార్థించి నాన్న పోతే, అది నా ప్రార్థన అవుతుంది. అయ్యగారు ప్రార్థించి పోతే, అది దేవుడి చిత్తం అవుతుంది. నేను కారిడార్‌లోకి వెళ్ళింది దేవుణ్ణి చేరడానికి దారి తెలియక కాదు. అక్కడికి ఒంటరిగా వెళ్ళి, ఏ జవాబూ లేకుండా తిరిగొచ్చి, నాన్న మొహం చూడాల్సొస్తుందని. నాకప్పుడు కావాల్సింది దేవుడు కాదు, “ఇచ్చేశాడు” అనే మనిషి. అమ్మకి ఇన్నేళ్ళూ కావాల్సింది అదేనేమో. నేను ఆమెతో చేసిన వాదనంతా దారి గురించి. ఆమె ఫోన్ చేసింది జవాబు కోసం.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ ఇంటికొచ్చారు. అమ్మమ్మకి అప్పటికే ఎనభై దాటాయి. నాన్న అంటే ఆమెకి కొడుకుల కంటే ఎక్కువ. అయ్యగారు నిలబడి ముగింపు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే, గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ కళ్ళు మూసుకుని అందుకుంది.

“ఏందయ్యా నువ్వు చేసిన పని? నన్ను తీసకపొమ్మని పదేళ్ళ నుంచి అడగతన్నా గదా. నా మాట ఇనపళ్ళా నీకు? ఆ పిల్లోడు నీకేం జేశాడు?”

ఎవరూ కదల్లేదు. అయ్యగారు తెరిచిన నోరు మూసుకుని తల వంచుకున్నాడు. ఆమె చాలాసేపు తిట్టింది. ఏదో వినపడిందని చెప్పలేదు, ఓదార్పు కలిగిందనీ చెప్పలేదు. ఆమేన్ కూడా అన్నట్టు గుర్తులేదు. కొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది.

“అయ్యగారూ, పొద్దుటి నుంచి మీరేం తిన్లేదు. రండి, అన్నం తిందురుగానీ.”