కంటి పిల్లవాడా, చెవి పిల్లవాడా?

మొన్న సాయంత్రం దీపం పెట్టి వసారాలోకి వచ్చేసరికి ఎదురింటి అమ్మాయి చేతిలో ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి వుంది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మావాడి సంగతి తెలిసిపోయింది! ఇరవై ప్రశ్నలకి జవాబులిస్తే ఇందులో చెప్పేసింది. వాడు కంటితో నేర్చుకునే రకమంట. ఇన్నాళ్ళూ గట్టిగా చదవరా, చదవరా అని ఊరికే వాడి ప్రాణం తీసినాను. రేపట్నించి అన్నీ వీడియోలే!"

తొమ్మిదేళ్ళ ఆ పిల్లవాడు తల్లి కొంగు చాటునుంచి, జాతకం చెప్పించుకున్న పెళ్ళికొడుకులా చూస్తున్నాడు. నేను నవ్వి "మంచిదే" అన్నాను గాని, లోపల ఎక్కడో చురుక్కుమంది. ఏ ఫోనూ చెప్పకుండానే పన్నెండేళ్ళ కిందట నేనూ ఈ పనే చేశాను మరి.

మా అమ్మాయి పాట ఒక్కసారి వింటే పట్టేసేది. లెక్క దగ్గర మాత్రం పెన్సిలు కొరుకుతూ కూర్చునేది. "దీనికంతా చెవే. లెక్కలు రావు" అని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ దాని ఎదురుగానే చెప్పేదాన్ని. ప్రేమతోనే సుమండీ! ఎక్కాలు పాటగా కట్టి పాడించాను. అవి వచ్చాయి. భిన్నాలు పాటలో ఇమడలేదు. అవి రాలేదు. చపాతీ నాలుగు ముక్కలు చేసి దాని చేతిలో పెట్టాలని నాకు తోచలేదు. డిగ్రీలో ఏం తీసుకోవాలో మాట్లాడుకుంటున్న రోజున అది నెమ్మదిగా అంది: "నాకు లెక్కలు రావని నువ్వే చెప్పావు కదమ్మా. నమ్మేశాను."

కోపంగా అన్నా బాగుండేది.

పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరన్న మాట తల్లులకి కొత్త కాదు. నలభైమందికి ఒకే గొంతు, ఒకే వేగం, ఒకే పాఠం. అది చూడ్డానికి సమానత్వంలా వుంటుంది గాని, నలభైమందికీ ఒకే కొలత చొక్కా కుట్టించడంలాంటిదే. ఆ అన్యాయాన్ని సరిచేద్దామనే "నేర్చుకునే తీరులు" అనే మాట పుట్టింది. న్యూజిలాండ్‌కి చెందిన నీల్ ఫ్లెమింగ్ అనే విద్యావేత్త వాటిని నాలుగుగా విడదీశాడు: చూసి, విని, చదివి రాసి, చేసి. ఎదురింటి ఫోను చెప్పిన జోస్యానికి మూలం ఇలాంటి లెక్కలే.

కాని 2008లో నలుగురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి ఒక మాట తేల్చారు. పిల్లలకి ఇష్టాలుంటాయి, నిజమే. అయితే ఆ ఇష్టాన్నిబట్టి పాఠం చెప్పే పద్ధతి మారిస్తే ఎక్కువ వస్తుందనడానికి తగిన రుజువు మాత్రం లేదన్నారు.

ఇది చెప్పడానికి మనకి అమెరికా దాకా ఎందుకు? మన తిరుపతి చాలు. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ కాలానికి అంతకు మించిన సాధనం ఏముంటుంది? 12 వేలకు పైగా పాటలు అలా నిలిచాయి. పాటతోబాటు రాగం పేరు కూడా చెక్కారు. మరి పాడే వరస? అది రేకు మీదికి ఎక్కలేదు. అక్షరాన్ని రాగి కాపాడింది. వరసని కాపాడవలసిన నోరూ చెవీ మధ్యలో ఎక్కడో తెగిపోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు మళ్ళీ స్వరాలు కూర్చాల్సివచ్చింది.

ముగ్గు సంగతి చూడండి. చుక్కలు లెక్కపెట్టాలి, వరస కంటితో పట్టాలి, పిండి వేళ్ళ మధ్యనుంచి జారాలి. "మా అమ్మాయి చెవి పిల్లండీ" అని ముగ్గుని మాటల్లో చెబుతామా? పాట చెవినడుగుతుంది, పటం కంటినడుగుతుంది, ముగ్గు చేతినడుగుతుంది. సగానికి సగం తీరు నేర్చే పిల్లది కాదు, నేర్చుకునే విషయానిది. నేను భిన్నాల్ని చెవిలో పోయబోయి, పోకపోతే పిల్లని తప్పుపట్టాను.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని బడిలో మందబుద్ధి అనుకున్నారు. పంతులు కొట్టేవాడు, బయటికి పంపేసేవాడు. ఆ పిల్లవాడే ఒకసారి తండ్రి గడియారాన్ని ముక్కముక్కలుగా విప్పేసి, తిరిగి బిగించేదాకా అన్నం తిననన్నాడు, బడికీ పోనన్నాడు. బిగించాడు కూడా! ఇది చూసి ఎవరైనా పుణ్యాత్ములు "వీడు చేతి పిల్లవాడు" అని ముద్ర వేసి, ఏ గడియారాల కొట్లోనో కూర్చోబెట్టి వుంటే? మందబుద్ధి అన్న పంతులుదీ, ఈ పుణ్యాత్ముడిదీ నా లెక్కలో ఒకటే తప్పు. ఇద్దరూ పిల్లవాణ్ణి చూడ్డం మానేసి, తీర్పు చెప్పి వెళ్ళిపోయినవాళ్ళే.

ఆయన ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ బడి మదనపల్లెకి దగ్గర్లోనే వుంది. 2022 దాకా అదంతా మన చిత్తూరు జిల్లాయే. ఆ చుట్టుపక్కల పల్లెల్లో రిషివ్యాలీ వాళ్ళు చిన్న చిన్న బడులు పెట్టారు. ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతుల పిల్లలు. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ చేసిన పని చూస్తే నాకు ఆ గడియారమే గుర్తొస్తుంది. పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా చేసేశారు. ఒక కార్డులో ఆట, ఒకదాంట్లో పాట, ఒకదాంట్లో రాత. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు. ఆ కార్డులు ఏ వరసలో రావాలో చూపే నిచ్చెన పటం ఒకటి. పిల్ల తన మెట్టు తనే చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. వేరుశనగ పీకే రోజుల్లో వారం బడి మానినా, తిరిగొచ్చి ఆగిన మెట్టు మీదే కాలు పెడుతుంది. క్లాసు ముందుకి పోయిందన్న భయం లేదు. "పెట్టెలో బడి" అని దానికి పేరొచ్చింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకీ ఆ పద్ధతి వెళ్ళింది.

ఇందులో కరెంటు లేదు, తీగలు లేవు. అయినా ఇది సాధనమే. నువ్వు కంటి పిల్లవా, చెవి పిల్లవా అని ఆ కార్డులు అడగవు. నువ్వు ఎక్కడున్నావని మాత్రం అడుగుతాయి. అందరూ ఆటలోంచీ, పాటలోంచీ, రాతలోంచీ దాటాల్సిందే. కాకపోతే ఎవరి వేగం వాళ్ళది. మిగిలినవాళ్ళు కార్డులతో పనిలో వుంటే, ఆగిపోయిన పిల్ల పక్కన నేల మీద కూర్చునే తీరిక టీచరుకి దొరుకుతుంది.

అలాగని మీటలూ తెరలూ వద్దనే ముసలితనం నాకింకా రాలేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు నింపిన టాబులు పంచారు. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురికీ ఒకటి వచ్చింది. మా వసారాలో కూర్చుని అదే పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మళ్ళీ వినేది. "టీచరమ్మనే అడగరాదా?" అన్నాను ఒకరోజు.

"రెండోతూరి అడగాలంటే బయ్యమమ్మా. ఇదైతే ఎన్నితూర్లు అడిగినా ఇసుక్కోదు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మనిషి దగ్గర దొరకని ఓర్పు ఆ పిల్లకి ఒక గాజు పలకలో దొరికింది! సిగ్గుపడాల్సింది పలకని చూసి కాదు, మనల్ని మనం చూసుకుని. అయితే ఆ పలకకీ ఒక హద్దుంది. లెక్క ఎన్నో మెట్టులో తప్పిందో అది చెప్పగలదు. ముందురోజు తల్లికి జ్వరమొస్తే ఈ పిల్లే వంటా గిన్నెలూ చేసి, నిద్రలేక తప్పు చేసిందని దానికెలా తెలుస్తుంది? అది పక్కనున్న మనిషికే తెలియాలి. సాధనం మన చేతికి తీరిక ఇవ్వాలి, మనం ఆ తీరికని పిల్లకివ్వాలి. తీరిక చేతికి రాగానే మనం వెళ్ళి సీరియల్ చూస్తే, తప్పు సాధనానిది కాదు.

ఆదివారం ఎదురింటి పిల్లవాడు మా వసారాలో వీడియో చూస్తూ దిక్కులు చూస్తున్నాడు. "నీది ఏ రకంరా?" అని అడగలేదు నేను. "ఎక్కడ ఆగినావు నాయనా?" అన్నాను. భాగహారం దగ్గరన్నాడు. డబ్బాలోంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి ముందు పోశాను. పంచాడు, మిగిలినవి పక్కన పెట్టాడు. మళ్ళీ వీడియో పెట్టుకుని, "ఓ, ఇదా చెప్తా వుండేది!" అన్నాడు. కంటికి అర్థం కానిది చెయ్యి చెప్పింది. చెయ్యి చెప్పాక కంటికీ తెలిసింది.

ఆ రాత్రి మా అమ్మాయితో అన్నాను: "నీకు లెక్కలు రాకపోవడం కాదే, నాకు చెప్పడం రాలేదు."

అది చాలాసేపు నాకేసి చూసింది. తర్వాత నవ్వి, "సరే, ఇప్పుడు చెప్పు" అంది.

ప్రస్తుతం భిన్నాల దగ్గరున్నాం. నేనూ నేర్చుకుంటున్నాను.