తెలియకుండా చూపే తేడాకు బాధ్యత ఎవరిది?

ఈ వారం వీడియోలో కాశీలో శంకరాచార్యుల కథ చెప్పుకున్నాం కదా. గంగాస్నానానికి వెళ్తుంటే చండాలుడు ఎదురొచ్చాడు, పక్కకు తప్పుకోమన్నారు. తప్పుకోవాల్సింది దేహమా, ఆత్మా అని అతను అడిగాడు. అప్పుడు పుట్టిందే మనీషా పంచకం అంటారు. నన్ను ఆపేసింది మాత్రం ఆ పంచకం కాదండి, దానికి ముందు మాట. అద్వైతం చెప్పే నోటికి 'తప్పుకో' ఎలా వచ్చింది? ఆలోచించి అన్నట్టు లేదు. మన పెద్దలు వాసన అనేది దీన్నే.

సైకాలజీలో దీని మీద పెద్ద పని చేసినవాళ్లలో మహజరీన్ బనాజీ ఒకరు. పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే. 1998లో ఆమె, ఆంథోనీ గ్రీన్‌వాల్డ్ వాళ్లు కలిసి తెచ్చిన పరీక్షలో మొహాలనీ మాటలనీ జత చేయమంటారు, మీట ఎంత త్వరగా నొక్కామో మిల్లీసెకన్లలో చూస్తారు. ఒక మనిషి రేపు ఎలా ప్రవర్తిస్తాడో ఈ పరీక్ష ఎంతవరకు చెప్పగలదన్నదానిపై వాదనలున్నాయి. నాకైతే ఇంతకంటే గట్టి ఉదాహరణ కిడ్నీ లెక్కల్లో దొరికింది.

ఉద్దానంలో క్రియాటినిన్ అంటే బడి పిల్లలకీ తెలుసు. దాని నుంచి కిడ్నీ పనితీరు లెక్కగట్టే ఒక సూత్రం 2009లో అమెరికాలో వచ్చింది. రోగి నల్లజాతి మనిషైతే ఫలితాన్ని 1.159తో గుణించాలి. అంటే అదే రక్తం, కానీ కాగితం మీద కిడ్నీ దాదాపు 16 శాతం మెరుగ్గా కనిపిస్తుంది. మార్పిడి జాబితాలో పేరు అంత ఆలస్యంగా ఎక్కుతుంది. రాసినవాళ్లు దుర్మార్గులు కారు. డేటాలో తేడా కనిపించింది, గుణకం పెట్టారు. మా భాషలో అదొక ఇఫ్ కండిషన్. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాక ఏ డాక్టరూ ఎవరినీ ద్వేషించక్కర్లేదు, అదే రన్ అవుతుంది. 2021లో జాతి లేని కొత్త సూత్రం తెచ్చారు. అంతటితో ఆగలేదు. పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులకు, పోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపాలని 2023 నుంచి అక్కడి ఆస్పత్రులకు నియమం పెట్టారు. సారీ చెప్పడం కంటే ఇది నాకు నచ్చింది.

మన ఫారాల్లో జాతి గడి ఉండదు. యాస ఉంటుంది, కట్టు ఉంటుంది, ఊరి పేరుంటుంది. మా పెద్దమ్మది కవిటి వైపు. వైజాగ్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, "ఒళ్లు తూలిపోతంది బాబూ, కాళ్లు పొంగిపోతన్నాయి" అంది. డాక్టరు గారు తల ఎత్తకుండానే, "నొప్పి మాత్రలు ఎన్నేళ్ల నుంచి మింగుతున్నావ్?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, మీరెక్కడ వర్క్ చేస్తారు?" అని, రిపోర్టంతా నాకు ఇంగ్లిష్‌లో చెప్పారు. కిడ్నీలేమో ఆవిడవి! ఉద్దానం జబ్బుకు నీళ్లు, మట్టి, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నీ వెతికారు, ఇదే కారణమని ఒకటి తేలలేదు. కానీ మొదటి ప్రశ్నలోనే తప్పు ఆవిడదైపోయింది. బయట ఓపీ లైను మెట్లదాకా ఉందన్నది కూడా నిజమే. అలసిన మనసుకే వాసన ముందు అందుతుంది.

మరి తెలియకుండా చేసినది పాపమా? తెలియనంతసేపు కాదనే అనుకుంటాను. ఎవరో చూపించాక మాత్రం అది మనదే. శంకరులు 'నాకు తెలీదు' అనలేదు, నమస్కరించారు. గీత అయిదో అధ్యాయంలో సమదర్శనం గురించి వచ్చేచోట ఆవు, ఏనుగు, కుక్క అన్నీ ఉంటాయి. సమంగా చూడమన్నారు గానీ అన్నిటికీ ఒకే మేత వేయమనలేదు. భాష రాని రోగికి అయిదు నిమిషాలు ఎక్కువివ్వడం పక్షపాతం ఎలా అవుతుంది?

గిడుగు రామమూర్తి గారిని ఆగస్టు 29న తెలుగు కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన సవర నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారంటారు. ఆ పుస్తకం వచ్చి తొంభై ఏళ్లు దాటింది. సీతంపేట కొండ దిగొచ్చిన అవ్వ నొప్పి ఎక్కడో సవరలో చెబితే, అర్థమయ్యే మనిషి ఓపీ గదిలో ఒక్కరైనా ఉండాలి కదండి.