ఒక భరిణె, మూడు ఫోటోలు

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆరిన అంకుడు కర్రను లేత్‌కి బిగించి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించేవాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకునేది. ఆపైన మొగలి రేకుతో రుద్ది మెరుపు తెప్పించేవాడు. ఆయన చేసిన కుంకుమ భరిణెకి మూత పెడితే, రెండు ముక్కలు కలిసే గీత ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు.

అలాంటి పనితనానికి ఫోనులో బేరాలు రావడం లేదు. రాత్రి పని ముగిశాక ట్యూబ్‌లైటు కింద, నీలం టార్పాలిన్ మీద పెట్టి, ఫ్లాష్ వేసి ఫోటో తీసి పంపేవాడు. ఫ్లాష్ వెలుగు లక్క మీద తెల్లటి మచ్చలా పడేది. లక్కలో రంగుకి కలిపిన జాఫ్రా గింజల ఎరుపు మట్టిరంగుకి దిగిపోయేది. అది చూసి, ప్లాస్టిక్ డబ్బాకి ఇంత ధర ఏమిటని హైదరాబాదు నుంచి ఒకావిడ అడిగింది.

"పట్నం వాళ్లకి పని విలువ తెలీదమ్మా" అన్నాడు మేనకోడలితో.

"వాళ్లకి నీ పని కనబడితే కదా మావయ్యా!" అంది ఆ పిల్ల.

"సరుకు బాగుంటే చాలదా? ఫోటోతో ఏటి పని?"

"మరి మొగలి రేకుతో ఎందుకు రుద్దుతున్నావు? రుద్దకపోయినా కుంకం నిలుస్తుందిగా."

పెద్దాయన మారు మాట్లాడలేదు. భరిణె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఫోటో తీసి, ఫోనులోనే రంగు పెంచింది. ఎరుపు నిప్పులా వెలిగింది. వారం తిరక్కుండా బేరాలు వచ్చాయి. ఆ వెనకే భరిణెలూ తిరిగొచ్చాయి. ఫోటోలో ఉన్న రంగు వేరు, మీరు పంపిన రంగు వేరు అన్నారు కొన్నవాళ్లు. పెద్దాయన నొచ్చుకున్నాడు. మొదటి ఫోటోకి బేరం రాలేదు, రెండోదానికి మాటే వచ్చింది.

మూడోసారి ఇద్దరూ కలిసి కూర్చున్నారు. పొద్దున్నే, ఎండ నేరుగా పడని గుమ్మం పక్కన పీట వేసి, దాని మీద ఉతికిన తెల్ల పంచె పరిచారు. వెలుగు ఒక పక్క నుంచే వస్తుంటే, నీడ పడిన రెండో పక్కన తెల్ల అట్ట నిలబెట్టారు. ఫ్లాష్ ఆపేశారు. ఒక ఫోటో మూత పెట్టి, ఒకటి మూత తీసి, ఒకటి పెద్దాయన అరచేతిలో పెట్టి తీశారు. ఫోనును భరిణె పక్కన పట్టుకుని, రెండు ఎరుపులూ ఒకటయ్యేదాకా సరిచేశారు. అప్పుడు అమ్మిన వాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు.

నీతి: చేత్తో తాకి చూడలేని కొనుగోలుదారుకి ఫోటోయే సరుకు. అది పనితనాన్ని తగ్గించి చూపినా, పెంచి చూపినా నష్టపోయేది పనివాడే.

ఈ మాట ఏటికొప్పాకకి మరీ వర్తిస్తుంది. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఫోనులో వేలితో తోసుకుంటూ పోయేవాళ్లు ఆ గుర్తింపుని చూసి ఆగరు. బొమ్మ కనబడితే ఆగుతారు. రసాయనపు రంగు వేసిన నకలుకి మంచి ఫోటో ఉండి, అసలుకి లేకపోతే, నకలే అసలులా చలామణీ అవుతుంది. నాకు బాధ కలిగించేది అదే.

ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఉన్న ఫోను చాలు. కావలసింది పగటి వెలుగు, ఓపిక. లక్క లాంటి మెరిసే పనికి ఒక పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుగు ముఖ్యం. కలంకారీ చీరకైతే దూరం నుంచి ఒకటి, నేత, గీత కనబడేలా దగ్గర్నుంచి ఒకటి ఉండాలి. కొలత సెంటీమీటర్లలో రాసినా, పక్కన చెయ్యి ఉంటేనే పరిమాణం తెలుస్తుంది. సహజ రంగు ఒక్కో విడతకి కొంచెం మారుతుంది కాబట్టి, ఆ సంగతి ఫోటో కిందే రాయాలి. ఇక ఫోటోలకి పట్టిన పూట కూడా పనే. దాని కూలిని భరిణె ధరలో కలుపుకోవాలి, లక్కకీ కర్రకీ లెక్క కట్టినట్టే.