లెక్కలోకి రాని నడక

పదేళ్ళ తరువాత ఒక రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరుగుతాయో ఇప్పుడే అంచనా వేస్తారు. జనం ఎక్కడ నుండి ఎక్కడికి, దేనిలో, ఏ దారిన పోతారని లెక్క కట్టి, దాన్ని బట్టి రోడ్డు ఎంత వెడల్పు కావాలో, వంతెన ఎక్కడ కట్టాలో తేలుస్తారు. ఊరికే తోచినట్టు రోడ్డు వేయడం కన్నా ఇది మేలే. కాని ఆ లెక్కలో మనిషి ఎక్కడున్నాడు అనేది నా ప్రశ్న.

మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఊరి బయటి రోడ్లకు ఒక పట్టిక ఇచ్చింది. అందులో కారు 1. స్కూటరు 0.5, సైకిలు 0.5, బస్సు 3, పెద్ద ఎద్దులబండి 8. ఎద్దులబండికి ఇంత మర్యాదా అని నవ్వొచ్చింది! అది మర్యాద కాదు. వెనక వచ్చే బండ్లకు ఎంత అడ్డమో ఆ అంకె చెబుతుంది. బస్సు ఖాళీగా పోయినా 3, యాభైమంది కిక్కిరిసి పోయినా 3. నడిచేవాళ్ళకు ఆ పట్టికలో అంకే లేదు.

నడిచేవాళ్ళను వేరుగా లెక్కపెడతారు, నిజమే. గంటకు ఎంతమంది రోడ్డు దాటుతున్నారో చూస్తారు. మా వీధికీ సంతకీ మధ్య పెద్ద రోడ్డుంది. బండ్లు ఎక్కువైనప్పటి నుండి మా అవ్వ భయపడి దాటడమే మానేసింది. అక్కడ నిలబడి లెక్కపెట్టేవాళ్ళకు అవ్వ సున్నా. అవసరం లేక దాటలేదా, భయపడి దాటలేదా? సున్నాను చూస్తే తెలియదు. ఆ సున్నాను పదేళ్ళకు ఎంత హెచ్చించినా సున్నానే.

నాన్నతో అంటే, "మరి షిఫ్టుకు టైముకి పోవాలంటే రోడ్డు వెడల్పుగా ఉండొద్దా? అంబులెన్సు ఇరుక్కుంటే ఏం చేస్తావు?" అన్నాడు. హోసూరులో ఫ్యాక్టరీకి పోయే ఎవరైనా అదే అంటారు. అదీ న్యాయమే. అయితే నాన్నకు మిగిలే పది నిమిషాలు, అవ్వ ఇంట్లోనే ఉండిపోయిన రోజులు, ఈ రెండిట్లో ఏది బరువో కంప్యూటరు చెప్పదు. అది మనుషులు కూర్చొని తేల్చాల్సింది. అక్కడ అవ్వ కూడా ఉండాలి.

ఇంటింటికీ వచ్చి సర్వే చేసేటప్పుడు "నిన్న ఎక్కడెక్కడికి పోయారు?" అని అడుగుతారు. "పోవాలనుకొని ఎక్కడికి పోలేదు?" అని కూడా అడిగితే? నేను మా అవ్వను అడిగాను. సంత, గుడి, చెల్లెలి ఇల్లు అని మూడు చెప్పింది.